మందుల చీటీ – డాక్టరు గారి రాత నుంచి కంప్యూటరు దాకా

(ద్వైవార్షిక సమావేశాల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



భోజనాల గంటకు కాస్త ముందు నాకు సమయం ఇచ్చారు. మందుల విషయంలో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "భోజనానికి ముందా, తర్వాతా?" అనేదే కాబట్టి, నిర్వాహకులు ఆలోచించే ఈ వేళ పెట్టారనుకుంటున్నాను.

ఈ రోజు విషయం ఎలక్ట్రానిక్ మందుల చీటీ. డాక్టరు కాగితం మీద కాకుండా కంప్యూటరులో మందు రాస్తే, అది నేరుగా మందులిచ్చే వారి దగ్గరికి చేరే ఏర్పాటు ఇది. ఇ-ప్రిస్క్రిప్షన్ అంటారు. ఇదంతా డాక్టర్ల గొడవ, సాఫ్టువేరు వాళ్ళ గొడవ, మనకెందుకు అనిపించవచ్చు. కానీ ఈ హాల్లో ఉన్న వారిలో చాలామంది ఇళ్ళల్లో ఒక మందుల డబ్బా ఉంటుంది. అందులో సగం ఇక్కడి క్లినిక్కులో ఇచ్చిన ప్లాస్టిక్ కవర్లు, సగం విజయవాడ నుంచో వరంగల్లు నుంచో సూట్‌కేసులో వచ్చిన మాత్రల షీట్లు. ఆ డబ్బాలో ఉన్నవన్నీ ఒకేచోట నమోదై ఉన్న కంప్యూటరు ఈ దేశంలోనూ లేదు, ఆ దేశంలోనూ లేదు. నేను చెప్పదలచుకున్న మాట ఇదే. మిగిలినదంతా దీనికి వివరణ.

బ్రహ్మ రాసిన రాత ఎవరికీ అర్థం కాదంటారు మనవాళ్ళు. ఆ తరువాతి స్థానం డాక్టరు రాతదే. పెన్ను ఎత్తకుండా గీసిన ఆ గీతను చూసి మందుల షాపు కుర్రవాడు టక్కున డబ్బా తీసి ఇస్తుంటే, అదేదో విద్య అనుకుంటాం. నవ్వుకోడానికి బాగానే ఉంటుంది కానీ, ఈ రాత కొందరి తలరాతను మార్చిన సందర్భాలున్నాయి.

1995లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, ఒడెస్సా పట్టణంలో గుండెనొప్పి ఉన్న ఒక రోగికి డాక్టరు ఐసార్డిల్ అనే మందు రాశారు. 20 మిల్లీగ్రాములు, ఆరు గంటలకొకసారి. మందుల షాపులో దాన్ని ప్లెండిల్ అని చదివారు. ప్లెండిల్ రక్తపోటు మందు. దాన్ని రోజంతటికీ కలిపి 10 మిల్లీగ్రాములకు మించి వాడకూడదు. ఆ రోగికి గుండెపోటు వచ్చింది, కొద్ది రోజుల్లో మరణించారు. 1999లో జ్యూరీ 4,50,000 డాలర్ల పరిహారం విధించింది. దాన్ని రాసిన డాక్టరూ, ఇచ్చిన ఫార్మసిస్టూ చెరి సగం భరించాలన్నది. డాక్టరు రాసిన మందు సరైనదే. తప్పు మందులో లేదు, అక్షరాల్లో ఉంది.

కొన్ని చోట్ల అక్షరాలు బాగున్నా పేర్లే చిక్కు తెచ్చాయి. కడుపులో మంటకు వాడే ఒమెప్రజోల్ అమెరికాలో మొదట లోసెక్ పేరుతో వచ్చింది. ఒంట్లో నీరు తీసే లేసిక్స్ అప్పటికే ఉంది. రెండూ 20 మిల్లీగ్రాముల్లో దొరుకుతాయి. చేతిరాతలో ఒకదాన్ని మరొకటిగా చదివేవారు. అందుకని 1990లో అక్కడ లోసెక్ పేరును ప్రిలోసెక్‌గా మార్చారు. మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ వారు ఒమెజ్ అని అమ్మేది ఈ మందునే. ఈ పేర్ల సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

1999లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఒక నివేదిక ఇచ్చింది. ఆసుపత్రుల్లో వైద్యపరమైన పొరపాట్ల వల్ల ఆ దేశంలో ఏటా 44,000 నుంచి 98,000 మంది దాకా చనిపోతున్నారని అంచనా వేసింది. అదే సంస్థ 2006లో మందుల పొరపాట్ల మీదే ప్రత్యేకంగా మరో నివేదిక ఇస్తూ, వాటివల్ల ఏటా కనీసం 15 లక్షల మందికి హాని జరుగుతోందని చెప్పింది. ఎలక్ట్రానిక్ చీటీకి ఊపు వచ్చింది ఆ రోజుల్లోనే.

మన దేశం సంగతి చూద్దాం. తెలంగాణకు చెందిన ఒక మందుల షాపు నిర్వాహకుడు, డాక్టర్ల రాత అర్థం కావడం లేదని 2014లో హైదరాబాదు హైకోర్టులో ప్రజా ప్రయోజన వ్యాజ్యం వేశారు. చీటీ చదవడమే బతుకుతెరువైన మనిషే చదవలేకపోతున్నానని కోర్టుకెక్కారంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. 2016 సెప్టెంబరులో భారత వైద్య మండలి తన నిబంధనలను సవరించి, మందులను జెనరిక్ పేర్లతో, స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని చెప్పింది. 2025లో పంజాబు, హర్యానా హైకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, చదవడానికి వీలైన మందుల చీటీ పొందడం రోగి ప్రాథమిక హక్కుల్లో భాగమని చెప్పింది. రెండేళ్ళలో కంప్యూటరు చీటీలు తేవాలనీ, అప్పటిదాకా పెద్ద అక్షరాల్లో రాయాలనీ ఆదేశించింది.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. కంప్యూటరులో టైపు చేసి ప్రింటు తీసి ఇచ్చినంత మాత్రాన అది ఎలక్ట్రానిక్ చీటీ అయిపోదు. అది అందమైన చేతిరాత కిందే లెక్క. అసలైన ఎలక్ట్రానిక్ చీటీలో నాలుగు పనులు జరగాలి.

మొదటిది, డాక్టరు మందు పేరును ఇష్టం వచ్చినట్టు టైపు చేయకుండా, ఉన్న జాబితా నుంచి ఎంచుకుంటారు. మందు, మోతాదు, ఎన్ని పూటలు, ఎన్ని రోజులు అనేవి విడివిడి గళ్ళలో పడతాయి. రెండవది, సంతకం పెట్టే ముందే కంప్యూటరు సరిచూస్తుంది. ఈ మనిషికి పెన్సిలిన్ పడదని నమోదై ఉందా? ఇదే మందు వేరే పేరుతో ఇప్పటికే వాడుతున్నారా? ఈ రెండు మందులకూ పొసగుతుందా? కిడ్నీల పనితీరు తగ్గిన మనిషికి ఈ మోతాదు ఎక్కువా? మూడవది, ఆ వివరాలు కాగితం లేకుండా, మధ్యలో మళ్ళీ ఎవరూ టైపు చేయకుండా ఫార్మసీకి చేరతాయి. నాలుగవది, ఫార్మసీ వారు ఏ మందు, ఎన్ని ఇచ్చారో తిరిగి నమోదవుతుంది. రాసిన మందు ఒకటి, ఇచ్చింది ఒకటి అయితే తెలిసిపోతుంది.

స్వీడన్‌లో మొదటి ఎలక్ట్రానిక్ చీటీ 1983లోనే వెళ్ళింది. ఇంగ్లండు 2005లో మొదలుపెట్టింది. చిన్న దేశమైన ఎస్టోనియా 2010 జనవరిలో దేశమంతటా అమలు చేసింది. న్యూయార్క్ రాష్ట్రం 2016 మార్చి నుంచి దీన్ని తప్పనిసరి చేసింది. ఫలితం లేకపోలేదు. బోస్టన్‌లోని బ్రిగమ్ ఆసుపత్రిలో డాక్టర్లు కంప్యూటరు ద్వారా మందులు రాయడం మొదలుపెట్టాక తీవ్రమైన మందుల పొరపాట్లు సగానికి పైగా తగ్గాయని 1998లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది.

ఇప్పుడు మనం ఉంటున్న సింగపూరుకు వద్దాం. ఇక్కడొక ప్రత్యేకత ఉంది. మన ఊళ్ళో డాక్టరు చీటీ రాస్తారు, మందుల షాపు వేరే ఉంటుంది. ఇక్కడ బ్లాకు కింద ఉండే జీపీ క్లినిక్కులో చూసేదీ వారే, మందులిచ్చేదీ వారే. కౌంటరు దగ్గర పేరు పిలుస్తారు, కవర్లు చేతిలో పెడతారు, డబ్బు కట్టి వస్తాం. చీటీ అనేది మన కంటపడదు. కావాలంటే చీటీ అడిగి తీసుకుని బయట ఫార్మసీలో మందులు కొనుక్కోవచ్చు, కానీ అడిగేవారు తక్కువ. ఇందులో సౌకర్యం ఉంది, ఒక లోటూ ఉంది. వేరే షాపు ఉంటే రెండో మనిషి ఆ చీటీని చదువుతారు, అనుమానం వస్తే డాక్టరుకు ఫోను చేస్తారు. ఒకే గదిలో అన్నీ జరిగిపోయినప్పుడు ఆ రెండో కన్ను కంప్యూటరే కావాలి. ఆ క్లినిక్కు కంప్యూటరుకు మీరు నిన్న పాలీక్లినిక్కులో తెచ్చుకున్న మందులు తెలిస్తేనే ఆ కన్ను పనిచేస్తుంది.

ఈ సంగతి సింగపూరు ప్రభుత్వం ముందే గుర్తించింది. 2004లో ప్రభుత్వ ఆసుపత్రుల రెండు సమూహాలూ రోగుల రికార్డులను ఒకరికొకరు చూపించుకునే ఏర్పాటు చేసుకున్నాయి. 2011లో జాతీయ ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డు మొదలైంది. దాన్నే ఎన్‌ఈహెచ్‌ఆర్ అంటారు. ఒకరికి ఒకే రికార్డు, ఎక్కడికి వెళ్ళినా అదే కనబడాలన్నది ఆలోచన. 2015లో హెల్త్‌హబ్ వచ్చాక మన వివరాలు మనమే సింగ్‌పాస్‌తో తెరిచి చూసుకునే వీలు కలిగింది. అయితే ప్రైవేటు క్లినిక్కులు ఇందులో చేరడం ఐచ్ఛికంగానే ఉండిపోయింది. తప్పనిసరి చేస్తామని 2017లో ప్రకటించారు, ఆ తరువాతి ఏడాది జరిగిన ఒక సంఘటనతో అది వాయిదా పడింది. 2023లో హెల్దియర్ ఎస్‌జీ పథకం వచ్చాక జీపీలు చాలామంది చేరారు. లైసెన్సు ఉన్న వైద్య సంస్థలన్నీ మందులు, పడని మందులు, పరీక్షల ఫలితాలు వంటి ముఖ్య వివరాలను ఇందులో చేర్చాలన్న ఆరోగ్య సమాచార బిల్లు 2025 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చింది.

డాక్టరు మందు రాసేముందే ఆగి ఒకసారి చూసుకోవడం ఎంత మేలో చెప్పడానికి ఒక ఉదాహరణ. మూర్ఛకూ, కొన్ని నరాల నొప్పులకూ కార్బమజెపిన్ అనే మందు ఇస్తారు. ఒక జన్యు లక్షణం ఉన్నవారికి దానివల్ల చర్మం కాలినట్టు ఊడిపోయే ప్రమాదకరమైన ప్రతిచర్య రావచ్చు. ఆ లక్షణం ఆసియా వారిలో కొన్ని జాతుల్లో ఎక్కువ. అందుకని 2013 నుంచి సింగపూరులో ఆసియా సంతతి రోగులకు ఈ మందు కొత్తగా మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష చేయడం పద్ధతిగా పెట్టారు. ఇటువంటి సంగతులు డాక్టరు జ్ఞాపకం మీద మాత్రమే ఆధారపడనక్కరలేకుండా, మందు పేరు ఎంచుకోగానే గుర్తుచేయడమే కంప్యూటరు చేయగల మేలు.

అలాగని యంత్రాన్ని దేవుణ్ణి చేయకూడదు. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి శాన్‌ఫ్రాన్సిస్కో ఆసుపత్రిలో 16 ఏళ్ళ అబ్బాయికి ఒక యాంటీబయాటిక్ మాత్ర ఇవ్వాలి. డాక్టరు 160 అని నమోదు చేశారు. ఆ తెర అప్పుడు మిల్లీగ్రాముల్లో లేదు, కిలో బరువుకు ఇన్ని మిల్లీగ్రాములు అనే లెక్కలో ఉంది. అబ్బాయి బరువు సుమారు 38 కిలోలు. కంప్యూటరు బుద్ధిగా హెచ్చవేసింది. ఒక మాత్రకు బదులు 38న్నర మాత్రలు! హెచ్చరిక రాలేదా అంటే వచ్చింది. డాక్టరు దాటేశారు, ఫార్మసిస్టు దాటేశారు. మరమనిషి మాత్రలు తప్పు లేకుండా లెక్కపెట్టి కట్టింది. నర్సు ఇచ్చారు. అబ్బాయికి ఫిట్స్ వచ్చాయి, అదృష్టం కొద్దీ బతికాడు.

ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఎందుకు చూడలేదు? మనం చిన్నప్పుడు విన్న "నాన్నా పులి" కథే. కంప్యూటరు ప్రతి చిన్నదానికీ పులి పులి అని అరుస్తుంటే, నిజంగా పులి వచ్చిన రోజు ఎవరూ పట్టించుకోరు. ఈ ఏర్పాటు కొత్త రకం పొరపాట్లకు దారితీస్తుందని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లోనే 22 రకాలు పట్టిక వేసి మరీ చూపించారు. చేతిరాత తప్పు అనుమానం రేకెత్తిస్తుంది. అచ్చులో ఉన్న తప్పు నమ్మకం కలిగిస్తుంది. అందుకే అది ఇంకా ప్రమాదం.

ఇక రెండవ భయం గోప్యత. ఇంతకు ముందు చెప్పిన ఆ సంఘటన ఇదే. 2018 జూన్, జూలై నెలల్లో సింగ్‌హెల్త్ కంప్యూటర్లలోకి దొంగలు చొరబడి 15 లక్షల మంది వ్యక్తిగత వివరాలు ఎత్తుకుపోయారు. వారిలో 1,60,000 మంది తీసుకున్న మందుల వివరాలు కూడా పోయాయి. అప్పటి ప్రధానమంత్రి లీ సియన్ లూంగ్ గారి మందుల వివరాల కోసం ప్రత్యేకంగా, పదే పదే ప్రయత్నించారని విచారణలో తేలింది. మందుల జాబితా అంటే మనిషి జబ్బుల జాబితా. ఎవరికీ చెప్పుకోని బాధలు కూడా అందులో ఉంటాయి. మరుసటి ఏడాది జనవరిలో ఆ రెండు సంస్థలకూ కలిపి 10 లక్షల సింగపూరు డాలర్ల జరిమానా పడింది. జాగ్రత్త పెరిగింది. భయపడి పూర్తిగా దాచుకుంటే వైద్యానికే నష్టం, పట్టించుకోకుండా వదిలేస్తే పరువుకు నష్టం. మన రికార్డు ఎవరు చూడవచ్చో, మనకున్న హక్కులేమిటో తెలుసుకోవడం మన పని.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంతవరకు చెప్పినవన్నీ ఒకే దేశంలో ఉండే మనిషికి సరిపోతాయి. మనం రెండు దేశాల మధ్య బతుకుతున్నాం. భారతదేశంలో 2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ మొదలై, 14 అంకెల ఆభా సంఖ్య ఇస్తున్నారు. అంతకు ముందే వచ్చిన ఇ-సంజీవనిలో దూరం నుంచే డాక్టరు చూసి కంప్యూటరు చీటీ ఇస్తారు. దాన్ని వాడుకోవడంలో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో నిలిచింది. సంతోషమే. కానీ అక్కడి రికార్డు, ఇక్కడి ఎన్‌ఈహెచ్‌ఆర్ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. సోషల్ విజిట్ పాస్ మీద మొదటిసారి వచ్చిన అమ్మానాన్నలకు ఇక్కడ పాత రికార్డు అంటూ ఏమీ ఉండదు. ఇక్కడి కంప్యూటరు వారిని చూసి, "ఈ మనిషి ఏ మందులూ వాడటం లేదు, అన్ని మందులూ పడతాయి" అనుకుంటుంది. ఖాళీగా ఉన్న గడికీ, "లేదు" అని రాసిన గడికీ చాలా తేడా ఉంది. హడావిడిలో అది కనబడదు.

పేర్ల చిక్కు ఇక్కడే. అక్కడి డోలో 650, ఇక్కడి పెనడాల్ రెండూ పారాసిటమాలే. జ్వరానికి నాన్నగారు తెచ్చుకున్న డోలో పూటకొకటి చొప్పున నాలుగు వేసుకున్నారు, క్లినిక్కులో ఇచ్చిన పెనడాల్ 500 పూటకు రెండు చొప్పున మూడు పూటలా వేసుకున్నారు. 2,600 ఒకటి, 3,000 ఒకటి, వెరసి 5,600 మిల్లీగ్రాములు. పెద్దవారికి రోజుకు 4,000 దాటకూడదు. రెండు చీటీలూ సరైనవే. కలిపితే లివరుకు ముప్పు. అక్కడి ఆస్తాలిన్ ఇక్కడ వెంటొలిన్. ఇందాక చెప్పిన లోసెక్, ఒమెజ్ ఒకటే. ఇంకా విడ్డూరం, ఒకే పేరుతో వేరే మందు ఉండటం. ఫ్లోమాక్స్ అంటే అమెరికాలో ప్రోస్టేటు మందు, ఇటలీలో వాపు తగ్గించే మందు. విదేశాల్లో మందులు కొనేటప్పుడు ఈ పేర్లతో జాగ్రత్త అని అమెరికా ప్రభుత్వం 2006లో హెచ్చరిక జారీ చేసింది. మన ఇళ్ళల్లో బాగా నలిగిన నిమెసులైడ్ నొప్పి మాత్రను సింగపూరు 2007లోనే ఆపేసింది. ఇక్కడి డాక్టరు జాబితాలో లేని మందును కంప్యూటరు ఎలా సరిచూస్తుంది?

కాబట్టి రెండు దేశాల మధ్య వంతెన మనమే కట్టుకోవాలి. దానికి పెద్ద టెక్నాలజీ అక్కరలేదు, ఒక పేజీ కాగితం చాలు. ప్రతి పెద్దవారికీ ఒక జాబితా తయారు చేయండి. కంపెనీ పెట్టిన పేరు కాదు, షీటు వెనుక చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు రాయండి. గ్లైకోమెట్ అని కాదు, మెట్‌ఫార్మిన్ అని. ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిసి ఉంటే అన్నీ రాయండి. ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, దేనికోసం, ఎప్పటి నుంచి అన్నవి పక్కన ఉండాలి. పడని మందు ఉంటే, పడకపోతే ఏమైందో కూడా రాయండి. దద్దుర్లు రావడం వేరు, ఊపిరాడకపోవడం వేరు. ఆయుర్వేదం, హోమియో, నాటు మందులు, విటమిన్లు ఏవీ వదలకండి. ఇంగ్లీషులో ఒకటి, పెద్దవారు చదువుకోడానికి తెలుగులో ఒకటి పెట్టుకోండి. షీట్లకు రెండు వైపులా ఫోటోలు తీసి ఫోనులో ఉంచండి. కొత్త మందు మొదలైనా, పాతది ఆపినా ఆ రోజే మార్చండి, పైన తేదీ వేయండి. పాత జాబితా అసలు లేకపోవడం కన్నా ప్రమాదం.

పెద్దవారు ఇక్కడికి వచ్చేటప్పుడు సొంత వాడకానికి మూడు నెలలకు మించి మందులు తేకూడదని ఇక్కడి నిబంధన. కొన్ని నిద్రమాత్రలకు, కొన్ని నొప్పి మందులకు ముందుగానే హెచ్‌ఎస్‌ఏ అనుమతి కావాలి. టిక్కెట్టు కొన్నప్పుడే ఆ సంగతి చూసుకోండి, డాక్టరు చీటీ వెంట ఉంచండి. ఇక్కడి క్లినిక్కులో కవర్లు తీసుకునేటప్పుడు లేబుల్ మీద మందు అసలు పేరు ఉందో లేదో చూడండి, లేకపోతే అడగండి. "ఇప్పటికే ఇవి వాడుతున్నారు, వీటితో పొసగుతుందా?" అని ఒక్క ప్రశ్న వేయండి. మందుల సంగతి ఫార్మసిస్టుకు బాగా తెలుసు, అడిగితే సంతోషంగా చెబుతారు. మనం అడగం.

మన తెలుగు సంస్థలకు కూడా ఒక మనవి. ఉగాదికి, సంక్రాంతికి ఎంతో శ్రమపడి కార్యక్రమాలు చేస్తున్నారు. ఏడాదికి ఒక ఆదివారం మందుల సంచి దినం పెట్టండి. ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని రమ్మనండి. మన వారిలోనే ఫార్మసిస్టులు, డాక్టర్లు, నర్సులు ఉన్నారు. వారు కూర్చుని ఒక్కొక్కరి జాబితా రాసిపెట్టడానికి సాయపడతారు. మందులు మార్చడం వారి పని కాదు, అది చూసే డాక్టరు పని. ఒకే మందు రెండు పేర్లతో ఉందా, గడువు దాటిందా, ఏది ఎందుకో తెలియకుండా వాడుతున్నారా అన్నది చూసి చెబితే చాలు. జాబితా కాపీ సంఘం దగ్గర ఉంచకూడదు, ఎవరిది వారి చేతికే ఇచ్చేయాలి. గోప్యత గురించి ఇందాక చెప్పిన మాట మనకూ వర్తిస్తుంది.

వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా దాచకూడదని పెద్దలు చెప్పారు. ఇప్పుడు వైద్యుడి ముందు ఒక కంప్యూటరు కూడా కూర్చుంది. దానికి చదవడం వచ్చు, లెక్క కట్టడం వచ్చు, గుర్తుపెట్టుకోవడం వచ్చు. మనం చెప్పనిది ఊహించడం మాత్రం రాదు. ఆ చెప్పడం మన వంతు. ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక ఒక్కసారి ఆ మందుల డబ్బా తెరవండి. ఊళ్ళో ఉన్న అమ్మకు ఫోను చేసినప్పుడు భోజనం చేశావా అని అడిగాక, ఏయే మందులు వేసుకుంటున్నావో షీటు చూసి చదవమనండి. రాసుకోవడానికి పది నిమిషాలు పడుతుంది.

 భోజనానికి ముందు వేసుకోవలసిన మందులుంటే మర్చిపోకండి. సెలవు.